పీపాల కాస్పర్ నరికిన మూల చెట్టు

ఆటర్ వాగు పొడుగునా కాస్పర్ వీమర్ పీపా లేని ఇల్లు ఉండేది కాదు. పంది మాంసం ఉప్పులో ఊరేది అతని పీపాలో, విస్కీ రంగు తిరిగేది అతని పీపాలో, సోమవారం నాడు మురికి బట్టలు నానేది అతని తొట్టిలో. మేకు కొట్టడు, జిగురు రాయడు. పలకను పక్క పలక అదిమి పట్టుకోవాలి, బయటి నుంచి కట్టు బిగించాలి, అంతే పని. చూస్తే ఇంతేనా, మనమూ చేసేయొచ్చు అనిపిస్తుంది. అలా అనుకుని సొంతంగా చేసుకున్న వాళ్ల పీపాలు మా పక్క కోళ్లు గుడ్లు పెట్టుకోడానికి పనికొచ్చేవి.

మనిషి పొట్టి. మెడ అనేది లేకుండా భుజాల మీదే తల పెట్టినట్టుండేవాడు. మాట మహా పొదుపు. కాస్పర్ దగ్గర గంట కూర్చుంటే రెండు శబ్దాలు వినపడతాయనీ, అందులో ఒకటి దగ్గు అనీ జనం నవ్వుకునేవారు. కానీ చెట్టు కనపడితే అతని కన్ను ఊరుకునేది కాదు. అడవిలో తెల్ల ఓక్ ఎదురైతే దాని కొమ్మలు చూడడు, నీడ చూడడు. ఇందులో ఎన్ని పలకలొస్తాయని నిలబడ్డ చోటే తేల్చేస్తాడు. చివరికి అతని కొంప ముంచింది ఆ కన్నే.

తండ్రి జేకబ్ వీమర్ది వర్జీనియాలోని షెనండోవా లోయ. 1785 వసంతంలో రెండు గుర్రాల మీద సామాను కట్టి, పెళ్లాన్నీ ఎనిమిదేళ్ల కాస్పర్‌నీ వెంటబెట్టుకుని, కొండల సందులోంచి నడిచి కెంటకీ వచ్చాడు. తెచ్చుకున్న సామానులో సగం పీపాల పనిముట్లే. ఊట దగ్గర దుంగల ఇల్లు కట్టాడు, దాని పక్కనే పనికొట్టం వేశాడు. ఆ శరదృతువులో గొలుసు పట్టేవాళ్లను పిలిచి నేల కొలిపించుకున్నాడు. అంతకు ముందు ఆ అడవిలో షానీ తెగవాళ్లు వేటాడేవారు. వాళ్లను ఎవరూ కాగితం అడగలేదు, వాళ్లకు ఎవరూ కాగితం చూపించనూ లేదు. ఆ సంగతి మా వాళ్లు ఎప్పుడూ మాట్లాడుకోరు.

మాలో మాకు మాత్రం కాగితాల గొడవలకు కొదవ లేదు. మా దగ్గర కొలత అంటే చెట్టు నుంచి చెట్టుకు. మూల చెట్టుకు గొడ్డలితో మూడు గంట్లు పెడతారు, మధ్యలో గీత మీదున్న చెట్లకు రెండు. అడవి ఎవరిదని అడిగే దిక్కు లేని రోజుల్లో ఎవడికి తోచిన మూల నుంచి వాడు కొలుచుకున్నాడు. దాంతో ఒకడి భూమి మీద ఇంకొకడి భూమి ఇంటికప్పు చెక్కల్లా ఎక్కి కూర్చుంది. ఇద్దరూ కోర్టుకెళితే ముందు కొలిచినవాడిదే నేల. ముందు కొలిచిందెవరో చెప్పాల్సింది చెట్టే. గంటు పెట్టిన చోట చెట్టు ఏడాదికో పొర కప్పుకుంటూ పోతుంది. కోర్టు పంపిన కమిషనర్లు అందరి ఎదుటా అక్కడ నరికి, చెక్కముక్క బయటికి తీసి, గంటు మీద ఎన్ని వలయాలు పెరిగాయో లెక్కపెడతారు. ముప్పై వలయాలుంటే ముప్పై ఏళ్ల కిందటి గంటు. చెట్టుకు లంచం ఇవ్వలేరు కదా.

ఆ లెక్కకు మా పక్క కాస్పర్‌ను పిలిచేవారు. రోజూ ఓక్ చీల్చేవాడికి కనపడినట్టు వలయాలు ఇంకెవరికి కనపడతాయి? అప్పటికి ఆరు తగాదాల్లో అతను లెక్క చెప్పాడు. అందులో ఒకటి సొంత బావమరిది ఎబెన్‌ది. కాస్పర్ వంగి, కత్తిమొనతో ఒక్కో గీతా తాకుతూ పంతొమ్మిది అన్నాడు. ఇరవై ఒకటి అని ఉంటే ఎబెన్‌కు మంచి మొక్కజొన్న నేల మిగిలేది. ఎబెన్ బండి కట్టుకుని ఇండియానా వైపు వెళ్లిపోయాడు. కాస్పర్ భార్య డార్కస్ ఆ ఎండాకాలమంతా మొగుడితో మాట్లాడలేదు. కాస్పర్‌కు ఆ తేడా తెలియడానికే పది రోజులు పట్టిందని అంటారు గానీ అది వట్టి కోతే అయ్యుంటుంది.

ఇక సైలస్ స్పర్లాక్. వాళ్ల నాన్న 1781లో ఈ వాగు మీద నేల కొలిపించుకుని, షానీల దాడులకు భయపడి వర్జీనియాకు పారిపోయాడు. కొడుకు ఇరవై నాలుగేళ్ల తర్వాత కాగితం పట్టుకుని దిగాడు. 'వాగు మలుపు దగ్గర తెల్ల ఓక్, దాని పక్కన మేపుల్, అక్కణ్ణుంచి తూర్పుకు' అని ఉంది కాగితంలో. ఆటర్ వాగు పాములా మెలికలు తిరుగుతుంది, ప్రతి మెలికలోనూ తెల్ల ఓక్ ఉంది. స్పర్లాక్ ఏడేళ్లు చెట్టు తర్వాత చెట్టు గోకి చూశాడు. గంట్లున్న చెట్టు దొరకలేదు. మా వాళ్లకు అతనంటే గిట్టదు. గొడ్డలితో వచ్చినవాడికీ కాగితంతో వచ్చినవాడికీ మధ్య మేము ఎటు నిలబడతామో చెప్పక్కర్లేదు. పైగా మనిషి నోరు మంచిది కాదు. 1812 మార్చిలో కమిషనర్లు వచ్చి ఆఖరుసారి వాగంతా నడవాలనీ, అప్పటికీ చెట్టు దొరక్కపోతే అతని దావా కొట్టేయాలనీ కోర్టు తేల్చింది.

ఆ చలికాలం భూమి మాటిమాటికీ వణికింది. పొగగొట్టాలు కూలాయి, తాగుబోతులు ప్రార్థనకు రావడం మొదలుపెట్టారు. కాస్పర్ కొట్టం వెనకాల ఒక తెల్ల ఓక్ ఉండేది. జేకబ్ బతికున్నంత కాలం దాని జోలికి ఎవర్నీ పోనివ్వలేదు. ఎప్పుడు చూసినా దాని మొదలుకు ఆనించి పలకల మోపులు పేర్చి ఉంచేవాడు. ముసలాయన అంతకు ముందు ఏడాదే పోయాడు. వణుకుడికి ఆ చెట్టు కొట్టం మీదికి ఒరిగింది. ఫిబ్రవరి చివర్లో కాస్పర్ మోపులు తీసేసి దాన్ని నేలకూల్చాడు. తిన్నటి మాను. ముడులు లేవు, మెలి లేదు. నడుమెత్తున బెరడు కాస్త గరుకుగా ఉందని చూశాడు గానీ పట్టించుకోలేదు. పలకలు లెక్కపెడుతున్నాడు.

మొదటి దుంగకు చీలిక కత్తి ఆనించి సుత్తితో కొట్టాడు. చక్కగా దిగుతున్న కత్తి, బెరడుకు మూడు వేళ్ల లోతులో పక్కకు జారింది. పైచెక్క మూతలా ఊడి వచ్చింది. లోపల నల్లబడిన కొయ్య మీద ఒకదాని కింద ఒకటి మూడు గొడ్డలి గంట్లు. నిన్న పెట్టినట్టున్నాయి. ఊడిన చెక్క లోపలి వైపు ఆ గంట్లకు సరిపోయే మూడు బొడిపెలు.

కాస్పర్ మోకాళ్ల మీద కూర్చుని లెక్కపెట్టాడు. తండ్రి గంట్లయితే ఇరవై ఆరు రావాలి. మళ్లీ లెక్కపెట్టాడు. ముప్పై. ఆ మలుపు తన కొట్టం వెనకదే. పక్కన మేపుల్ ఉండేది, తన చిన్నప్పుడే వరద పట్టుకుపోయింది. అక్కణ్ణుంచి తూర్పుకు గీత గీస్తే ఊట, ఇల్లు, కొట్టం, మొక్కజొన్న నేల, గట్టు మీద ఏడాది తిరక్కుండా పోయిన చిన్న కూతురి సమాధి, అన్నీ స్పర్లాక్ వైపుకు వెళతాయి. తనకు మిగిలేది పైనున్న రాళ్లగుట్ట.

ఇంకో సంగతి కాసేపు ఆగి తట్టింది. తండ్రి ఇక్కడికి వచ్చేటప్పటికి ఈ గంట్లకు నాలుగేళ్లే. అవి కనపడకుండా ఎలా ఉంటాయి? ఇన్నేళ్లూ ఆ మోపులు అక్కడ ఎందుకున్నాయో అప్పుడర్థమైంది. తండ్రి మీద కోపం రావాలి. రాలేదు. సిగ్గేసింది.

సుత్తి చప్పుడు ఆగిపోవడంతో డార్కస్ పిండి చేతులతో బయటికొచ్చింది.

"ఏమయ్యా, వేలు గానీ నరుక్కున్నావా?"

"లేదు."

"మరి ఆ మొహమేంటి, శవాన్ని చూసినట్టు?"

కాస్పర్ పక్కకు జరిగి చూపించాడు. ఆమె ఈ అడవిలో పుట్టి పెరిగింది. మూడు గంట్లంటే ఏంటో చెప్పక్కర్లేదు.

"ఎన్ని?"

"ముప్పై."

డార్కస్ వేళ్లు మడిచి చూసుకుంది. కొట్టం వైపు చూసింది, గట్టు వైపు చూసింది.

"పొయ్యి మండుతూనే ఉంది. రొట్టె కాల్చాలి. పట్టుకురా దాన్ని."

"డార్కస్..."

"డార్కస్ లేదు, గీర్కస్ లేదు. మా తమ్ముణ్ణి నీ లెక్కతో సాగనంపావు. నోరు మూసుకున్నాను. ఇప్పుడు నన్నూ నా పిల్లల్నీ సాగనంపుతావా? వాడెవడో ఎప్పుడో ఇలా వచ్చి, మూడు దెబ్బలు కొట్టి, పిరికివాడిలా పారిపోతే, నేల వాడిదైపోద్దా? రాళ్లు ఏరిందెవరు? నువ్వూ నేనూ."

"మా నాన్నకి తెలుసు."

"ఆయనకి తెలిసీ ఊరుకున్నాడు కదా! నువ్వూ ఊరుకో. నిన్నెవరడిగారు?"

నిజంగానే ఎవరూ అడగలేదు. కాస్పర్ గంట్లున్న ముక్కను దుంగలోంచి కోసి తీసి, ఊడిన పైచెక్కతో కలిపి తాడుతో కట్టి, కొట్టంలో మూత వేయని పీపా అడుగున పెట్టి, పైన చిత్రిక పొట్టు పోశాడు. రేపు కాల్చేద్దాం అనుకున్నాడు. ఆ రేపు మూడు వారాలు సాగింది. పని చేస్తూనే ఉన్నాడు, చేతులకు వచ్చిన పనే కదా. కానీ ఆ నెల అతను పంపిన పీపా ఒకటి కారింది. కారిందని చెప్పడానికి వచ్చినవాడికే నమ్మకం కలగక, తప్పు తన విస్కీదేమో అన్నట్టు నసిగాడు.

మార్చి మూడో వారంలో కమిషనర్లు వచ్చారు. ఇద్దరు. రెండోవాడు తలూపడానికి వచ్చినవాడు. మొదటివాడు మేజర్ హోల్‌కోంబ్. మా పక్క ఒకసారి తుపాకీ పట్టినవాడు కెప్టెన్, రెండుసార్లు పట్టినవాడు మేజర్, కాబట్టి ఆ హోదాకు బెదిరిపోనక్కర్లేదు. మంచివాడే. కళ్లు మసకబారాయి గానీ ఒప్పుకోడు. వెనకాల స్పర్లాక్ కాగితంతో, వాళ్ల వెనకాల విస్కీ కూజాతో ఇరుగూపొరుగూ పదిమంది. పొద్దుటి నుంచి వాగంతా నడిచి, ప్రతి మలుపులోనూ ఆగి, ఏమీ దొరక్క, నవ్వుకుంటూ మధ్యాహ్నానికి కాస్పర్ కొట్టం వెనక్కి చేరారు.

స్పర్లాక్ మోడు దగ్గర ఆగాడు.

"ఇదెప్పుడు కొట్టారు?"

"పోయిన నెల," అన్నాడు కాస్పర్.

"తెల్ల ఓకేనా?"

"ఆ."

"లోపల ఏమన్నా కనపడిందా?"

జనం గొల్లుమన్నారు. "ఒరేయ్ సైలస్, ఇంక డార్కసక్క పొయ్యిలో కట్టెలు కూడా చీల్చి చూస్తావట్రా?" అని ఒకడు. "పీపాలు పగలగొట్టి చూడు, లోపల మీ నాన్న కూర్చునుంటాడు," అని ఇంకొకడు. స్పర్లాక్ మొహం ఎర్రబడింది. ఏడేళ్లుగా పడుతున్న మాటలే.

మేజర్ చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. "చాల్లే సైలస్. కాస్పర్ చూసుంటే చెప్పడా? ఆరు చెట్లకి ఆయన మాటే మనకి ప్రమాణం. సొంత బావమరిదికే ఒక్క ఏడాది కలపని మనిషి. ఆయన్ని నువ్వడగడం, మేం వినడం! పదండి, పదండి, కూజా ఖాళీ అవుతోంది."

అందరూ కదిలారు. అంతే, అయిపోయింది. కాస్పర్ నోరు తెరవక్కర్లేకుండానే, అబద్ధం ఆడక్కర్లేకుండానే అయిపోయింది. స్పర్లాక్ కాగితం మడిచి చొక్కాలో పెట్టుకుంటున్నాడు. అడిగి, బెదిరించి ఉంటే కాస్పర్ మొండికేసేవాడేమో. ఎవరూ ఏమీ అడక్కుండా నమ్మేసి వెళ్లిపోవడం అతని వల్ల కాలేదు.

"ఆగండి," అన్నాడు.

కొట్టంలోకెళ్లి పొట్టు తోడి చెక్క తెచ్చాడు. తాడు విప్పి, మోడు మీద పెట్టి, పైభాగం ఎత్తాడు. స్పర్లాక్ ఒక అడుగు ముందుకు వేసి, అక్కడే నిలబడిపోయాడు.

"లెక్క నువ్వే చెప్పు," అన్నాడు మేజర్, అలవాటు కొద్దీ.

"నా చెట్టుకి నేను చెప్పకూడదు. మీరు చెప్పండి."

మేజర్ చెక్కను వెలుతురుకు తిప్పి, కత్తిమొన గంటు మీద పెట్టి, పైకి జరుపుతూ గట్టిగా లెక్కపెట్టాడు. ఒకటి, రెండు. పది దగ్గర ఊపిరి పీల్చుకున్నాడు. ఇరవై ఆరు దగ్గర కత్తి బెరడుకు తగిలింది.

"ఇరవై ఆరు!"

రెండో కమిషనర్ తలూపాడు. జనంలో ఒక కేక లేచింది. ఇరవై ఆరంటే 1785. అంటే జేకబ్ వీమర్ కొలిపించినప్పుడు ఆయన మనుషులు పెట్టిన గంట్లే. స్పర్లాక్ చెట్టు కాదిది. ఎవరో కాస్పర్ వీపు మీద చరిచారు. ఎవరో కూజా చేతిలో పెట్టారు. "ఇంత చెక్క పట్టుకుని నెల రోజులు భయపడ్డావా, పిచ్చోడా?" అన్నారు.

కాస్పర్‌కు ఆ మసక కళ్ల ముసలాయన్ను కౌగిలించుకోవాలనిపించింది. నిజంగా అనిపించింది. తను నిజం దాచలేదు. చెక్క తెచ్చి ముందు పెట్టాడు, కోర్టు మనిషి లెక్కపెట్టాడు. ఇంకేం కావాలి? ఇల్లు తనదే, ఊట తనదే, చిన్నది పడుకున్న గట్టు తనదే. తండ్రి మీద మచ్చ కూడా లేదు. కూజా ఎత్తి ఒక గుక్క తాగాడు. విస్కీ బాగుంది, తన పీపాలోదే.

కూజా కింద పెట్టాడు.

"కత్తి ఇలా ఇవ్వండి, మేజర్."

"ఎందుకయ్యా?"

"ఇక్కడ చూడండి. బెరడుకి దగ్గర్లో. ఇది ఒక గీత కాదు. ఐదు. వానల్లేని ఏళ్లు. దారం మీద దారం అతుక్కున్నట్టు ఉంటాయి. మీరు ఒక్కటిగా పట్టారు." కత్తి మొనతో ఒక్కోటీ విడదీసి చూపించాడు. "ఇరవై ఆరు కాదు. ముప్పై."

మేజర్ ముక్కు చెక్కకు ఆనేలా వంగి చాలాసేపు చూశాడు. లేచి నిలబడేటప్పటికి ఆయన ముఖంలో కోపం ఉంది, లెక్క తప్పినందుకు కాదు. "నీకు బుద్ధుందా, కాస్పర్?" అన్నాడు మెల్లగా. తర్వాత గొంతు సవరించుకుని, కోర్టు గొంతుతో, "ముప్పై. రాసుకో," అన్నాడు.

స్పర్లాక్ గెలిచాడు. ఏడేళ్లుగా ఈ రోజు కోసం ఏమేం అనాలని కూడబెట్టుకున్నాడో, ఒక్కటీ బయటికి రాలేదు. టోపీ తీసి చేతిలో తిప్పుతూ, "పంట కోసుకునేదాకా ఉండండి," అన్నాడు. కాస్పర్ తలాడించాడు. జనం ఒక్కొక్కరే జారుకున్నారు. కొందరికి స్పర్లాక్ మీద కంటే కాస్పర్ మీదే ఎక్కువ మండింది. ఆ మంట మా పక్క చాలా ఏళ్లు ఆరలేదు.

పంటయ్యాక కాస్పర్ ఇంటి దుంగలన్నీ విప్పి రాళ్లగుట్ట మీదికి మోయించి మళ్లీ కట్టుకున్నాడు. అక్కడ నీళ్లు లేవు. తర్వాత బతికిన ఇరవై తొమ్మిదేళ్లూ స్పర్లాక్ ఊట నుంచి బండి మీద నీళ్లు తెచ్చుకున్నాడు, తన పీపాల్లోనే. చెట్ల తగాదాలకు మూడు కౌంటీల నుంచి మనుషులు అతని కోసం వచ్చేవారు. ఇదంతా ఊరికి తెలిసిందే. ఆ రోజు ఇంట్లో జరిగింది మాత్రం చాలా ఏళ్ల తర్వాత అతనే ఒకసారి చెప్పాడు, అంత మాట్లాడడం అతనికి అలవాటు లేకపోయినా.

జనం వెళ్లాక లోపలికి వచ్చాడు. డార్కస్ బల్ల దగ్గర కూర్చుని ఉంది. కిటికీలోంచి అంతా విన్నట్టుంది.

"ఇరవై ఆరన్నాడుగా మేజర్."

"అన్నాడు."

"నేనూ లెక్కపెట్టాను. నువ్వు అడవికి పోయిన రోజు తీసి చూశాను. నాలుగుసార్లు. ఎటు నుంచి పెట్టినా ముప్పయ్యే వచ్చి చచ్చింది."

కాస్పర్ తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఇల్లు పోతున్నందుకు రాని ఏడుపు ఇప్పుడు వస్తుందేమోనని భయమేసింది.

"మరి పొయ్యిలో పెట్టెయ్యకపోయావా?"

"పెట్టాను. ఒక మూల అంటుకుంది. నేనే తీశాను. నల్లబడింది గీకి, మళ్లీ పొట్టులో పెట్టాను."

కుడి అరచెయ్యి తెరిచి బల్ల మీద పెట్టింది. వేళ్ల మొదళ్ల నుంచి మణికట్టు దాకా కాలిన చర్మం ఊడి, కింద ఎర్రగా కొత్త చర్మం వస్తోంది. రెండు వారాలైనా అయ్యుంటుంది. ఇన్నాళ్లూ ఆ చేత్తోనే ఆమె రొట్టె చేసి పెట్టింది, అతను తిన్నాడు, చూడలేదు.